అమెరికాను కలిపిన నేలే దాన్ని ఎలా చీల్చింది?

2025 జనవరి 20న అధ్యక్షుడిగా ప్రమాణం చేసిన డొనాల్డ్ ట్రంప్ తన ప్రసంగంలో ‘మేనిఫెస్ట్ డెస్టినీ’ అనే మాట వాడారు. అంగారక గ్రహం మీద అమెరికా జెండా పాతుతామని చెబుతూ అన్న మాట అది. గ్రీన్‌లాండ్ తమకు కావాలని, కెనడా 51వ రాష్ట్రం అయితే బాగుంటుందని కూడా ఆ రోజుల్లో ఆయన పదే పదే అన్నారు. ఇంకో దేశం నేలను కలుపుకోవడం గురించి ఈ కాలంలో కూడా ఇంత మామూలుగా ఎలా మాట్లాడగలుగుతున్నారన్న సందేహం రావడం సహజం.

ఆ మాట వయసు 180 ఏళ్లు. 1845లో జాన్ ఓసల్లివాన్ నడిపిన పత్రికలో అది తొలిసారి కనిపించింది. ఉత్తర అమెరికా ఖండమంతా తమ జనం పరుచుకోవడం దైవ నిర్ణయమని దాని అర్థం. నినాదం సరే, నేలను కలుపుకున్న ప్రతిసారీ ఆ కొత్త దేశం లోపల ఏం జరిగిందన్నది అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న.

క్లుప్తంగా

1783లో మిసిసిపీ నది దగ్గర ఆగిన అమెరికా 65 ఏళ్లలో పసిఫిక్ తీరం చేరింది. కొత్త నేల పాత రాష్ట్రాల కింద వలసగా ఉండదు, కొంతకాలానికి వాటితో సమానమైన రాష్ట్రం అవుతుందన్న 1787 నాటి నియమమే ఇంత పెద్ద నేలను ఒక దేశంగా నిలబెట్టింది. అయితే సమాన హోదా అంటే సెనేట్ అనే ఎగువ సభలో 2 సీట్లు. దాంతో ప్రతి కొత్త రాష్ట్రమూ బానిసత్వం మీద ఒక ఓటుగా మారి, చివరికి 1861లో దేశం విరిగి అంతర్యుద్ధం వచ్చింది. ఆ నియమం ఎవరికి వెంటనే అమలైంది, ఎవరికి దశాబ్దాలు పట్టింది, ఎవరికి అసలు అందలేదు అన్నది చూస్తే, అమెరికా తనను ఎవరి దేశంగా భావించుకుందో తెలుస్తుంది.

పన్ను వేయలేని ప్రభుత్వానికి దొరికిన ఆస్తి

బ్రిటన్ నుంచి విడిపోయిన 13 రాష్ట్రాలు మొదట్లో ఒక దేశంలా ఉండేవి కావు. ఎవరి సైన్యం వారిది, ఎవరి పన్నులు వారివి. వాటన్నిటి మీద ఉన్న కాంగ్రెస్‌కు (ఇది అక్కడి చట్టసభ పేరు) పన్ను వేసే అధికారమే లేదు. రాష్ట్రాలు ఇస్తే తీసుకోవాలి, ఇవ్వకపోతే ఊరుకోవాలి.

పైగా నేల తగాదా ఒకటి ఉండేది. బ్రిటిష్ రాజులు ఇచ్చిన పాత పత్రాలు చూపించి వర్జీనియా వంటి రాష్ట్రాలు పడమరన మిసిసిపీ దాకా నేలంతా తమదే అనేవి. అలాంటి పత్రాలేవీ లేని మేరీల్యాండ్‌కు ఇది మింగుడు పడలేదు. పొరుగు రాష్ట్రం ఆ భూములు అమ్ముకుని పన్నులు తగ్గించేస్తే తన జనం అటు వెళ్లిపోతారన్నది దాని భయం. పడమటి భూములను అందరి ఉమ్మడి ఆస్తిగా చేస్తే తప్ప సమాఖ్య ఒప్పందం మీద సంతకం పెట్టనని మొండికేసింది. న్యూయార్క్, వర్జీనియా భూములు వదులుకోవడానికి సిద్ధపడ్డాకే 1781 మార్చిలో సంతకం పెట్టింది. వర్జీనియా అప్పగింత 1784లో పూర్తయింది.

అమెరికా ఐక్యతలో ఈ ఘట్టానికి రావాల్సినంత పేరు రాలేదు. 13 రాష్ట్రాలకూ కలిపి మొదటిసారి ఒక ఆస్తి ఏర్పడింది. అన్నదమ్ములు వేరు కాపురాలు పెట్టుకున్నా ఉమ్మడి పొలం ఒకటి మిగిలితే, దాని కోసమైనా కూర్చుని మాట్లాడుకోక తప్పదు. పన్ను వేయలేని కాంగ్రెస్‌కు భూమి అమ్మకం ఆదాయమైంది. యుద్ధం చేసిన సైనికులకు బాకీ తీర్చడానికి కూడా ఆ భూమే పనికొచ్చింది.

1785 చట్టం ఆ భూమిని ఎలా కొలవాలో చెప్పింది. ఆరు మైళ్ల పొడవు, ఆరు మైళ్ల వెడల్పుతో ఒక టౌన్‌షిప్. దాన్ని 36 చదరాలుగా కోస్తే ఒక్కోటీ 640 ఎకరాలు. అందులో 16వ చదరం ఆ ఊరి బడికి. షికాగో చుట్టుపక్కల, అరిజోనాలోని ఫీనిక్స్‌లో ఉండే తెలుగువాళ్లు రోజూ నడిపే పెద్ద రోడ్లు చాలాచోట్ల సరిగ్గా మైలు దూరంలో గీత గీసినట్టు ఉండటానికి కారణం ఆ కొలతే.

1787లో ఇచ్చిన మాట

కొలవడం అయ్యాక అసలు ప్రశ్న వచ్చింది. అక్కడికి వెళ్లి స్థిరపడేవాళ్లు ఎవరు? 13 రాష్ట్రాల కింద పడి ఉండాల్సిన ప్రజలా, లేక వాటితో సమానులా? బ్రిటన్ తమను రెండో తరగతి ప్రజలుగా చూసిందనే కదా వీళ్లు యుద్ధం చేసింది. ఇప్పుడు అదే పని తాము చేస్తే పడమటివాళ్లు కూడా ఏదో ఒక రోజు విడిపోతారు, లేదా మిసిసిపీ అవతల ఉన్న స్పెయిన్‌తో చేతులు కలుపుతారు.

1787 జులై 13న ఆమోదించిన వాయవ్య భూభాగ చట్టం దీనికి మెట్లు కట్టింది. మొదటి మెట్టులో కాంగ్రెస్ నియమించిన గవర్నర్ పాలన. వయసు వచ్చిన స్వేచ్ఛా పురుషులు 5,000 మంది అయితే సొంత శాసనసభ. ఈ మెట్ల మీద ఉన్న నేలను టెరిటరీ అంటారు, అంటే ఇంకా రాష్ట్రం కాని భూభాగం. స్వేచ్ఛా జనాభా 60,000 చేరితే పాత రాష్ట్రాలతో అన్ని విధాలా సమానమైన రాష్ట్రం. ఒహాయో, ఇండియానా, ఇలినాయ్, మిషిగన్, విస్కాన్సిన్ ఇలా వచ్చినవే. ఆ నేల మీద బానిసత్వం ఉండకూడదని కూడా అదే చట్టం రాసింది.

చాలా సామ్రాజ్యాలు కొత్త నేలను కప్పం కట్టే ప్రాంతంగా ఉంచుకున్నాయి. రాజధానిలో ఉన్నవాళ్లు పాలకులు, అంచుల్లో ఉన్నవాళ్లు పాలితులు. ఇక్కడ మాత్రం అంచుకు వెళ్లినవాడు తన పౌరసత్వాన్ని పోగొట్టుకోడు, కొన్నేళ్లు వాయిదా వేసుకుంటాడు. నిన్నటి అడవిలో పుట్టిన రాష్ట్రం నుంచి రేపు అధ్యక్షుడే రావచ్చు. వచ్చాడు కూడా.

ఆ అధ్యక్షుడి కుటుంబ కథలోనే ఈ యంత్రాంగమంతా కనిపిస్తుంది. అబ్రహాం లింకన్ 1809లో కెంటకీలో పుట్టాడు. అక్కడ పొలాల హద్దులను చెట్టు, బండ, వాగు గుర్తులతో రాసుకునేవారు. ఒకే నేలకు ఇద్దరు ముగ్గురు పత్రాలు చూపించేవారు. ఆ తగాదాలతో విసిగిపోయి, కొంత బానిసత్వం వల్ల కూడా, ఆయన తండ్రి 1816లో ఇండియానాకు వలస వెళ్లాడు. అక్కడ ప్రభుత్వం చదరాలుగా కొలిచి అమ్మిన నేల ఉంది, బానిసత్వం లేదు. బానిసత్వం కోసం 1861లో దేశం నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల కూటమికి అధ్యక్షుడైన జెఫర్సన్ డేవిస్ కూడా కెంటకీలోనే, 1808లో పుట్టాడు. ఆయన కుటుంబం దక్షిణానికి, పత్తి పండే మిసిసిపీ ప్రాంతానికి వెళ్లింది. ఒకే రాష్ట్రం నుంచి కొత్త నేల వెతుక్కుంటూ బయల్దేరిన రెండు కుటుంబాల్లో ఒకటి ఉత్తరానికి, ఇంకొకటి దక్షిణానికి నడిచింది.

లూసియానా: అడిగింది ఊరు, దొరికింది సగం దేశం

1803లో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ ఫ్రాన్స్‌కు దూతలను పంపింది న్యూ ఆర్లియన్స్ రేవు కొనడానికి. పడమటి రైతుల ధాన్యం, పంది మాంసం మిసిసిపీ మీదుగా ఆ రేవు దాటితేనే సముద్రం చేరేది. కరీబియన్ దీవిలోని సాన్ డొమాంగ్‌లో (నేటి హైతీ) బానిసల తిరుగుబాటును అణచలేక సైన్యాన్ని పోగొట్టుకున్న నెపోలియన్, ఇక అమెరికా ఖండం మీద ఆశ వదులుకుని మొత్తం లూసియానా తీసుకోండి అన్నాడు. ధర 1 కోటి 50 లక్షల డాలర్లు. నేల దాదాపు 8 లక్షల 28 వేల చదరపు మైళ్లు, అంటే నేటి భారతదేశంలో మూడింట రెండు వంతులు. ఎకరా 3 సెంట్లకు పడింది. సొంత స్వేచ్ఛ కోసం పోరాడిన హైతీ బానిసల వల్ల అమెరికాకు ఆ నేల దక్కింది. అదే నేల మీద దక్షిణ భాగంలో చెరకు, పత్తి తోటల బానిసత్వం ఇంకా పెరిగింది.

నేల కొనే అధికారం రాజ్యాంగం ఇచ్చిందా అన్న అనుమానం జెఫర్సన్‌కే ఉండేది. సవరణ ముసాయిదా కూడా రాసుకున్నాడు. ఆలస్యమైతే నెపోలియన్ మనసు మారుతుందేమోనని దాన్ని పక్కన పెట్టేశాడు. సెనేట్ 24–7 ఓట్లతో ఒప్పుకుంది.

ఈశాన్య రాష్ట్రాల నాయకులు కొందరికి ఇది నచ్చలేదు. పడమట రాష్ట్రాలు పెరిగే కొద్దీ తమ బలం తగ్గుతుందని వాళ్లకు అర్థమైంది. మసాచుసెట్స్ సెనేటర్ తిమోతీ పికరింగ్ ఉత్తరాది రాష్ట్రాలతో వేరే సమాఖ్య పెట్టుకోవాలని అప్పుడే రాశాడు. లూసియానాను రాష్ట్రం చేసే చర్చలో, 1811లో, అదే రాష్ట్రానికి చెందిన దిగువ సభ సభ్యుడు జొసయా క్విన్సీ అలా జరిగితే పాత రాష్ట్రాలను కట్టిన ముడి విడిపోయినట్టే అన్నాడు. విడిపోతామన్న బెదిరింపు దక్షిణాదితోనే మొదలవలేదు. అది మొదలైనప్పుడు కూడా కారణం కొత్త నేలే.

సెనేట్ లెక్క

ఈ తగాదా తీవ్రత అర్థం కావాలంటే మన రాజ్యసభతో పోల్చి చూడాలి. 2014లో తెలంగాణ ఏర్పడినప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ఉన్న 18 రాజ్యసభ సీట్లను ఆంధ్రప్రదేశ్‌కు 11, తెలంగాణకు 7గా పంచారు. రాష్ట్రం ఒకటి పెరిగింది, సభలో సీట్లు మాత్రం పెరగలేదు. అమెరికా సెనేట్ అలా కాదు. రాష్ట్రం పెద్దదైనా చిన్నదైనా 2 సీట్లు. కొత్త రాష్ట్రం వచ్చిన ప్రతిసారీ సభ బలం మారుతుంది.

దిగువ సభ జనాభాను బట్టి నడుస్తుంది. బానిసలను ఐదింట మూడు వంతులుగా లెక్కగట్టి దక్షిణాదికి సీట్లు పెంచినా, ఉత్తరాది జనాభా అంతకన్నా వేగంగా పెరిగింది. 1820 నాటికి దిగువ సభ ఉత్తరాది చేతిలో ఉంది. దక్షిణాదికి మిగిలిన కవచం సెనేట్. అందుకే రాష్ట్రాలను జంటలుగా చేర్చుకోవడం ఆనవాయితీ అయింది. 1816లో ఇండియానా వస్తే 1817లో మిసిసిపీ. 1818లో ఇలినాయ్, 1819లో అలబామా. లెక్క 11–11.

1819లో మిస్సోరీ బానిసత్వం ఉన్న రాష్ట్రంగా చేరతానంది. తక్కెడ ఒరిగిపోతుందని గొడవ మొదలైంది. చివరికి మసాచుసెట్స్ నుంచి మెయిన్‌ను విడదీసి స్వేచ్ఛా రాష్ట్రం చేసి, మిస్సోరీని బానిస రాష్ట్రంగా చేర్చుకున్నారు. మిగిలిన లూసియానా నేల మీద 36 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశానికి ఉత్తరాన బానిసత్వం ఉండదని గీత గీశారు. అప్పటికి ముసలివాడైన జెఫర్సన్ ఒక ఉత్తరంలో, ఈ వివాదం అర్ధరాత్రి మోగిన అగ్నిప్రమాద గంటలా తనను భయంతో లేపిందని రాశాడు. ఆ నేలను కొన్నది ఆయనే.

డబ్బు లెక్క కూడా ఇందులో ఉంది. 1793లో పత్తి గింజ తీసే యంత్రం వచ్చాక పత్తి సాగు పడమరకు పరిగెత్తింది. వర్జీనియా, మేరీల్యాండ్‌లలో పొగాకు నేలలు సారం కోల్పోయాయి. అక్కడి యజమానులు మనుషులను అలబామా, మిసిసిపీ, లూసియానా తోటలకు అమ్మారు. అంతర్యుద్ధం వచ్చేలోపు ఇలా సుమారు 10 లక్షల మంది నల్లజాతివారిని తల్లీబిడ్డలను విడదీసి మరీ దక్షిణానికి తరలించారు. 1860 నాటికి బానిసలు దాదాపు 40 లక్షలు. దేశం ఎగుమతుల విలువలో సగానికి పైగా పత్తిదే. కొత్త నేల లేకపోయి ఉంటే బానిసత్వం పాత రాష్ట్రాల్లో ఏమయ్యేదో చెప్పలేం కానీ, కొత్త నేల దానికి కొత్త ఊపిరి పోసిందన్నది మాత్రం స్పష్టం.

ఆ నేల ఖాళీగా లేదు

1787 చట్టంలో ఇంకో మాట కూడా ఉంది. మూలవాసుల పట్ల ఎప్పుడూ నిజాయితీగా ఉండాలని, వారి భూములను వారి సమ్మతి లేకుండా తీసుకోకూడదని అందులో రాశారు. సమాన రాష్ట్రాల హామీ నిలబడింది. ఈ హామీ నిలబడలేదు.

చెరొకీ అనే మూలవాసుల తెగ ఉదాహరణ చూస్తే చాలు. ‘నాగరికులు కండి, మీ జోలికి రాం’ అన్న సలహాను వాళ్లు అక్షరాలా పాటించారు. సెక్వోయా అనే చెరొకీ 1821 నాటికి తన భాషకు లిపి తయారు చేశాడు. మన గుణింతంలో లాగే అందులో చాలావరకు ఒక్కో గుర్తు హల్లూ అచ్చూ కలిసిన ఒక్కో శబ్దం. 1827లో రాజ్యాంగం రాసుకున్నారు. 1828లో సొంత పత్రిక తెచ్చారు. పొలాలు దున్నుకుని, బడులు పెట్టుకుని స్థిరపడ్డారు. అదే సమయంలో జార్జియాలో వారి నేల మీద బంగారం దొరికింది.

1830లో అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ హయాంలో మూలవాసుల తరలింపు చట్టం దిగువ సభలో 102–97 ఓట్లతో గట్టెక్కింది. చెరొకీ నేల మీద జార్జియా చట్టాలు చెల్లవని 1832లో సుప్రీంకోర్టు చెప్పినా రాష్ట్రం లెక్కచేయలేదు. వారి భూములను లాటరీ వేసి పంచింది. 1838–39లో సైన్యం దాదాపు 16,000 మందిని మిసిసిపీ అవతలికి నడిపించింది. సుమారు 4,000 మంది చనిపోయారని అంచనా. లిపి, రాజ్యాంగం, పత్రిక అన్నీ ఉన్నా సమానత్వం దక్కలేదంటే, నాగరికత కొలబద్ద అక్కడ అసలు కొలతే కాదని అర్థం.

మెక్సికో తర్వాత

1836లో మెక్సికో నుంచి విడిపోయిన టెక్సస్‌ను కలుపుకోవడానికి అమెరికా దాదాపు పదేళ్లు వెనకాడింది. కారణం మళ్లీ తక్కెడే. మెక్సికో 1829లోనే బానిసత్వాన్ని రద్దు చేసింది, అమెరికా నుంచి వెళ్లి టెక్సస్‌లో స్థిరపడినవాళ్లకు బానిసలు కావాలి. 1844లో విలీన ఒప్పందం సెనేట్‌లో ఓడిపోయింది. మూడింట రెండు వంతుల మద్దతు అక్కర్లేని ఉమ్మడి తీర్మానం దారిలో 1845లో టెక్సస్‌ను కలిపేశారు. 1846లో బ్రిటన్‌తో మాట్లాడుకుని ఆరెగాన్ తెచ్చుకున్నారు. అదే ఏడాది మెక్సికోతో యుద్ధానికి దిగారు.

1848 ఫిబ్రవరి 2న కుదిరిన గ్వాడలూప్ హిడాల్గో ఒప్పందంతో కాలిఫోర్నియా, నెవాడా, యూటా, అరిజోనాలో ఎక్కువ భాగం, ఇంకా చుట్టుపక్కల నేల అమెరికా చేతికి వచ్చింది. టెక్సస్‌తో కలిపి మెక్సికో తన నేలలో సగానికి పైగా పోగొట్టుకుంది. సంతకానికి 9 రోజుల ముందు కాలిఫోర్నియాలో బంగారం బయటపడింది. సంతకం పెట్టినవాళ్లకు ఆ సంగతి తెలియదు.

యుద్ధం ఇంకా నడుస్తుండగానే పెన్సిల్వేనియా సభ్యుడు డేవిడ్ విల్మాట్ ఒక సవరణ తెచ్చాడు. మెక్సికో నుంచి వచ్చే నేల మీద బానిసత్వం ఉండకూడదన్నది దాని సారాంశం. దిగువ సభ ఒప్పుకుంది, సెనేట్‌లో ఆగిపోయింది. సవరణ కన్నా ఓట్లు పడిన తీరు ముఖ్యం. సభ్యులు పార్టీని బట్టి కాకుండా ప్రాంతాన్ని బట్టి చీలిపోయారు. అప్పటిదాకా ఉత్తరాది, దక్షిణాది మనుషులను ఒకే గూటిలో ఉంచిన జాతీయ పార్టీల్లో అక్కడ పగులు వచ్చింది.

ఆ తర్వాత జరిగినవి ఒకదాని వెంట ఒకటి వేగంగా సాగాయి. 1850లో కాలిఫోర్నియా స్వేచ్ఛా రాష్ట్రంగా చేరి 15–15 లెక్కను 16–15 చేసింది. బదులుగా, పారిపోయిన బానిసలను పట్టి ఇవ్వడం ఉత్తరాది బాధ్యతగా చేసిన కఠిన చట్టం వచ్చింది. 1854లో ఇలినాయ్ సెనేటర్ స్టీఫెన్ డగ్లస్ మిస్సోరీ గీతను చెరిపేసి, కాన్సస్‌లో బానిసత్వం ఉండాలో వద్దో అక్కడివాళ్లే ఓటుతో తేల్చుకోవాలన్నాడు. షికాగో నుంచి పడమరకు రైలు వేయాలంటే ఆ ప్రాంతానికి ప్రభుత్వం కావాలి, దానికి దక్షిణాది ఓట్లు కావాలి. ఫలితంగా రెండు వైపుల నుంచీ తుపాకులతో జనం కాన్సస్‌కు చేరి ఒకరినొకరు చంపుకున్నారు. రిపబ్లికన్ పార్టీ ఆ ఏడాదే పుట్టింది. 1857లో, బానిసగా ఉన్న డ్రెడ్ స్కాట్ తన స్వేచ్ఛ కోసం వేసిన కేసులో సుప్రీంకోర్టు, టెరిటరీల్లో బానిసత్వాన్ని ఆపే అధికారం కాంగ్రెస్‌కే లేదంది. నల్లజాతివారు పౌరులు కాలేరని కూడా చెప్పింది. మూడు నాలుగు దశాబ్దాలుగా గీతలు గీసి, జంటలు కట్టి నెట్టుకొచ్చిన రాజీలన్నిటికీ ఆ తీర్పుతో ఆధారం లేకుండా పోయింది.

1860లో లింకన్ గెలిచినప్పుడు ఆయన పార్టీ, బానిసత్వం అప్పటికే ఉన్న రాష్ట్రాల్లో దాన్ని రద్దు చేస్తామనలేదు. కొత్త నేల మీదకు రానివ్వం అంది, అంతే. ఆ ఒక్క మాటకే డిసెంబరులో సౌత్ కరొలైనా విడిపోయింది. యుద్ధం తప్పించడానికి పాత గీతను పడమరకు పొడిగిద్దామన్న ప్రతిపాదన వస్తే లింకన్ ఒప్పుకోలేదు. విడిపోయిన రాష్ట్రాలు రాసుకున్న రాజ్యాంగం, ఇకపై తాము సంపాదించే ఏ కొత్త భూభాగంలోనైనా బానిసత్వానికి రక్షణ ఉంటుందని విడిగా ఒక నిబంధన పెట్టుకుంది. గొడవ దేని గురించో వాళ్లకు స్పష్టంగా తెలుసు.

విడిపోయేవాళ్లకు లింకన్ చూపిన బిల్లు

1861 జులై 4న కాంగ్రెస్‌కు పంపిన సందేశంలో లింకన్ వాదన ఒకటి ప్రత్యేకంగా చూడాలి. విడిపోతామంటున్న రాష్ట్రాల్లో కొన్ని ఏర్పడింది దేశమంతా డబ్బు పెట్టి కొన్న నేల మీద. ఆ డబ్బు తిరిగి ఇవ్వకుండా, అడగకుండా వెళ్లిపోవడం న్యాయమా అని ఆయన అడిగాడు. ఫ్లోరిడా నుంచి మూలవాసులను తొలగించడానికి అయిన భారీ ఖర్చును కూడా లెక్కలో వేశాడు. ఆ తొలగింపు ఎవరికి ఏం చేసిందన్న ఆలోచన ఆ లెక్కలో లేదు.

అసలు వాదన మాత్రం బలమైనది. వర్జీనియా లాంటి రాష్ట్రం ‘సమాఖ్య కన్నా ముందు నేనున్నాను’ అనగలదు. ఒహాయో, ఇండియానా, ఇలినాయ్ అలా అనలేవు. వాటిని కొలిచింది, అమ్మింది, రాష్ట్రం చేసింది సమాఖ్యే. అందుకే ఆ రాష్ట్రాల వాళ్లకు ‘దేశం’ అన్నది 13 రాష్ట్రాల ఒప్పందంలా కాకుండా, తమను కన్న ఇల్లులా అనిపించింది. పైగా సముద్ర తీరం లేని ఆ రాష్ట్రాలకు మిసిసిపీ ముఖద్వారం పరాయి దేశం చేతికి పోవడం కుదరని పని. ఉత్తరాది సైన్యాలను నడిపిన యులిసిస్ గ్రాంట్, విలియం షెర్మన్ ఇద్దరూ ఒహాయోలోనే పుట్టారు. 1863 జులై 4న గ్రాంట్‌కు విక్స్‌బర్గ్ లొంగిపోయాక నది మీద పట్టు సమాఖ్యకు తిరిగొచ్చింది. విస్తరణ తెచ్చిన చీలికను, విస్తరణ వల్లే పుట్టిన రాష్ట్రాలు పూడ్చాయి.

దక్షిణాది సభ్యులు సభ విడిచి వెళ్లడంతో దశాబ్దాలుగా ఆగిన చట్టాలు కదిలాయి. 1862 మేలో వచ్చిన హోమ్‌స్టెడ్ చట్టం, ఐదేళ్లు ఉండి సాగు చేస్తే 160 ఎకరాలు ఇచ్చింది. జులై 1న పసిఫిక్ రైలు చట్టం వచ్చింది. 1869 మే 10న యూటాలోని ప్రామంటరీ వద్ద తూర్పు, పడమర పట్టాలు కలిశాయి. పౌరుడిని అవుతానని దరఖాస్తు పెట్టుకున్న వలసదారుడికి కూడా హోమ్‌స్టెడ్ భూమి దక్కేది. జర్మనీ, నార్వే, స్వీడన్ల నుంచి వచ్చిన రైతులు పొలంతో పాటే అమెరికన్ అనే పేరూ సంపాదించుకున్నారు. కొండలు తొలిచి పడమటి వైపు పట్టాలు వేసినవాళ్లలో అత్యధికులు చైనా కార్మికులు. వాళ్లకు పౌరసత్వానికి దారే లేదు. 1882లో చైనా కార్మికులు దేశంలోకే రాకూడదని చట్టం చేశారు.

రెండేళ్లు, 62 ఏళ్లు

1848 ఒప్పందంతో ఒకేరోజు కలిసిన రెండు ప్రాంతాలను పక్కపక్కన పెట్టి చూస్తే గుర్తింపు రాజకీయం ఎలా పనిచేసిందో తెలుస్తుంది. కాలిఫోర్నియా రెండేళ్లలో, 1850లో రాష్ట్రమైంది. న్యూ మెక్సికో జనాభా 1850 లెక్కల్లోనే 60,000 దాటింది. అయినా టెరిటరీగానే 62 ఏళ్లు ఉండి, 1912లో రాష్ట్రమైంది. మధ్యలో, 1864లో, ఎన్నికలకు కొద్ది రోజుల ముందు నెవాడాను రాష్ట్రం చేశారు. ఆరేళ్ల తర్వాతి లెక్కల్లో కూడా దాని జనాభా 42,000 దాటి కొంచెమే.

తేడా ఎక్కడుంది? బంగారం కోసం పోటెత్తిన జనంతో కాలిఫోర్నియాలో ఇంగ్లీషు మాట్లాడే తెల్లవారు ఏడాదిలోనే ఎక్కువయ్యారు. న్యూ మెక్సికోలో ఎక్కువమంది స్పానిష్ మాట్లాడే కేథలిక్కులు, ప్యూబ్లో మూలవాసులు. సెనేట్‌లో టెరిటరీల కమిటీకి నాయకుడైన ఆల్బర్ట్ బెవరిడ్జ్ 1902లో స్వయంగా వెళ్లి చూసి, ఇంగ్లీషు రాకపోవడాన్ని ఒక కారణంగా చూపి అడ్డుకున్నాడు. మెక్సికో మొత్తాన్నీ కలుపుకుందామన్న ఊపు 1848లో ఉన్నప్పుడు దాన్ని వ్యతిరేకించినవాళ్లలో దక్షిణాది నేత జాన్ కాల్హూన్ ఒకడు. మనది తెల్లజాతి ప్రభుత్వం, ఇంకొకరిని ఎలా కలుపుకుంటాం అన్నది ఆయన వాదన. నేల ఎక్కడ ఆగాలో నిర్ణయించింది చాలాసార్లు సైన్యం శక్తి కాదు. ఆ నేల మీద ఎవరున్నారన్న లెక్క.

ఓక్లహామా ఇంకో ఉదాహరణ. చెరొకీలు తదితరులను తరలించి, ఇది ఎప్పటికీ మీదే అని ఇచ్చిన నేల అది. 1887 చట్టంతో తెగల ఉమ్మడి భూములను కుటుంబాలకు ముక్కలుగా పంచి, మిగిలినదాన్ని బయటివారికి తెరిచే పద్ధతి వచ్చింది. దేశం మొత్తం మీద మూలవాసుల చేతిలో 1887లో 13 కోట్ల 80 లక్షల ఎకరాలుంటే, 1934 నాటికి 4 కోట్ల 80 లక్షలే మిగిలాయి. 1905లో అక్కడి తెగలు రాజ్యాంగం రాసుకుని, సెక్వోయా పేరుతో మాకో రాష్ట్రం ఇవ్వండి అని అడిగాయి. లిపి కనిపెట్టినవాడి పేరు అది. కాంగ్రెస్ పట్టించుకోలేదు. 1907లో పక్క టెరిటరీతో కలిపి ఓక్లహామా చేసింది. మూలవాసులందరికీ పౌరసత్వం 1924లో వచ్చింది.

పౌరసత్వం మీద నేడు నడుస్తున్న వాదనల మూలాలూ ఇక్కడే ఉన్నాయి. డ్రెడ్ స్కాట్ తీర్పును తుడిచేయడానికి 1868లో తెచ్చిన 14వ సవరణ, అమెరికా నేల మీద పుట్టి దాని పరిధిలో ఉన్నవారు పౌరులంది. 1848లో కలిసిన కాలిఫోర్నియాలో, శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా తల్లిదండ్రులకు పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్‌కు కూడా ఇది వర్తిస్తుందని 1898లో సుప్రీంకోర్టు తేల్చింది. తాత్కాలిక వీసాల మీద ఉన్నవారి పిల్లలకు ఆ హక్కును నిరాకరిస్తూ 2025 జనవరిలో అధ్యక్ష ఉత్తర్వు వచ్చినప్పుడు, డాలస్, శాన్‌హోసే వంటి చోట్ల హెచ్-1బీ మీద ఉన్న తెలుగు కుటుంబాలకు టెన్షన్ పట్టుకున్నది ఈ సవరణ గురించే.

1898లో మారిన సూత్రం

1890 జనాభా లెక్కలు, దేశంలో ఇక సరిహద్దు గీత అంటూ గీయడానికి లేదని తేల్చాయి. అదే ఏడాది చివర్లో వూండెడ్ నీ వద్ద లకోటా తెగ మూలవాసులపై సైన్యం కాల్పులు జరిపింది. 1893లో ఫ్రెడరిక్ జాక్సన్ టర్నర్ అనే చరిత్రకారుడు, అమెరికన్ల స్వభావాన్ని, ప్రజాస్వామ్యాన్ని మలిచింది ఆ కదిలే సరిహద్దేనని వాదించాడు. చాలాకాలం అదే పాఠమైంది. ఆ వాదన తూర్పు నుంచి పడమరకు నడిచినవాళ్ల కళ్లతో మాత్రమే చూస్తుంది. దక్షిణం నుంచి ఉత్తరానికి వచ్చిన స్పానిష్ ఊళ్లు, పసిఫిక్ దాటి వచ్చిన చైనావాళ్లు, గొలుసులతో నడిచిన బానిసలు అందులో కనబడరు.

ఖండం అయిపోయాక 1898లో స్పెయిన్‌తో యుద్ధం ద్వారా పోర్టోరీకో, గువామ్, ఫిలిప్పీన్స్ వచ్చాయి. ఈసారి 1787 నియమం అమలు కాలేదు. 1901లో సుప్రీంకోర్టు 5–4 తేడాతో, ఇవి అమెరికాకు చెందినవే కానీ రాజ్యాంగపరంగా అమెరికాలో పూర్తి భాగం కావని తీర్పు చెప్పింది. కొత్త నేల రాష్ట్రం అయి తీరుతుందన్న హామీ అక్కడితో తెగిపోయింది. 1787లో వలసపాలన వద్దనుకున్న దేశం దాన్నే చేతిలోకి తీసుకుంది. ఫిలిప్పీన్స్‌లో మూడేళ్లు యుద్ధం చేసి, 1946లో స్వాతంత్ర్యం ఇచ్చింది. అలాస్కా, హవాయి 1959లో రాష్ట్రాలయ్యాయి.

గ్రీన్‌లాండ్ గురించి గానీ, కెనడా గురించి గానీ ఇప్పుడు వినిపిస్తున్న మాటల్లో అందరూ చూస్తున్నది ధర, సైన్యం, ఖనిజాలు. ఆ జనానికి ఇచ్చే హోదా 1787 నాటిదా, 1901 నాటిదా అన్నది అడిగేవారు తక్కువ. పోర్టోరీకో వాసులు 1917 నుంచి అమెరికా పౌరులే. అధ్యక్ష ఎన్నికల్లో ఆ దీవికి ఓటు లేదు. కాంగ్రెస్‌లో కూర్చునే వారి ప్రతినిధికి బిల్లు మీద తుది ఓటు వేసే హక్కు లేదు. 60,000 మంది ఉంటే రాష్ట్రం అన్న దేశంలో, ఆ దీవి జనాభా 30 లక్షలకు పైనే.